ఎవరూ పంపని పేర్లు

పేకాట ఆడకుండానే మా పత్రికలో పేకాటలో పట్టుబడ్డవాళ్ళు ముగ్గురున్నారు. ఒకాయన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తమ ఊరి చర్చిలో సంఘ పెద్ద. రెండో ఆయన కొబ్బరి వ్యాపారి. మూడో ఆయన పళ్ళ డాక్టరు. పోలీసులు వాళ్ళను పట్టుకోలేదు, వాళ్ళ జోలికే వెళ్ళలేదు. పట్టుకున్నది మేం.

ఈ సంగతి చాలాకాలం ఎక్కడా రాయలేదు. ఈ మధ్య కంప్యూటర్ కోర్సులు చదివే పిల్లలు, విలేకరులు కావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటున్నారు. ప్రోగ్రాములో తప్పు దొరికితే ఏం చేయాలని మొదటివాళ్ళు అడుగుతారు. పై అధికారి తప్పు చేయమంటే ఏం చేయాలని రెండోవాళ్ళు అడుగుతారు. ఇద్దరికీ నా దగ్గరున్నది ఈ ఒక్క కథే.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు. అమలాపురంలో మా దినపత్రికకు ఒక చిన్న కార్యాలయం ఉండేది. కోనసీమ పేజీలు అక్కడే తయారయ్యేవి. వాటికి నేను ఇన్‌ఛార్జిని. అంతకు ముందు పదేళ్ళు వార్తలు బస్సు కండక్టర్ల చేతుల మీదుగా, ఆ తర్వాత ఫ్యాక్సులో వచ్చేవి. ఇంటర్నెట్ కేంద్రాలు మండలాలకు చేరాక మా యూనిట్ మేనేజరుకు ఒక ఆలోచన వచ్చింది. విలేకరులు నెట్ సెంటర్లో కూర్చుని నేరుగా వార్త పంపాలి, అది మా కంప్యూటర్లో పేజీకి సిద్ధంగా వచ్చి పడాలి. ఆ ప్రోగ్రామును మా సిస్టమ్స్ ఇంజినీరు రాశాడు. రామచంద్రపురం వాడు, కాకినాడలో చదివాడు, నెమ్మదస్తుడు. ఏ భాషలో రాశావయ్యా అంటే పైథాన్ అన్నాడు. మా సీనియర్ సబ్ ఎడిటర్ కళ్ళజోడు పైకి తోసి, "కొండచిలువని తెచ్చి డెస్కు మీద పెట్టేవన్న మాట. పేజీ పూర్తయ్యేలోపు మనల్ని మింగకుండా చూడు నాయనా" అన్నాడు.

ఆ ప్రోగ్రాములో విలేకరి నింపాల్సిన గడులు నాలుగు. ఊరు, శీర్షిక, వార్త, పేర్లు. నాలుగోది ఎందుకో జిల్లా పేజీ చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా దగ్గర కాలువ పూడిక తీసినా, కంటి వైద్య శిబిరం పెట్టినా, వార్త చివర పాల్గొన్నవాళ్ళ పేర్లు ఉండాల్సిందే. వార్త సగం కోసినా ఎవరూ అడగరు. పేరు ఒకటి పోతే మర్నాడు మనిషి వస్తాడు. అందుకే సాయంత్రం దాకా డెస్కులో ఫోన్లు మోగుతూనే ఉండేవి. "సార్, ఇందాక పంపిన దాంట్లో ఇంకో రెండు పేర్లు కలపండి, ఆయ్, లేకపోతే నన్ను ఊళ్ళో తిరగనివ్వరండి." మేం ఆ వార్త తెరిచి పేర్లు కలిపేవాళ్ళం. ఇంజినీరు దానికో మీట పెట్టాడు.

రాజోలు వైపు గ్రామాలకు మా విలేకరి ఒక అమ్మాయి. ఆ చుట్టుపక్కల విలేకరిగా పనిచేస్తున్న ఆడపిల్ల ఆమె ఒక్కతే. వాళ్ళ తాత పాలేరుగా పనిచేశాడు, తండ్రి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఆమె డిగ్రీ చదివి, ట్యూషన్లు చెప్పుకుంటూ మాకు వార్తలు పంపేది. పోలీసుస్టేషన్‌కు వెళ్ళి ఎస్సై ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చునే విలేకరి. ఆ పని చేయడానికి మగ విలేకరులే జంకేవారు.

ఒకరోజు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది.

"సార్, పేపరు చూసేరా?"

"చూశాను. పేకాట వార్తలో ఆ హెడ్మాస్టారి పేరు ఉండడమేమిటి?"

"నేను పంపలేదండి. పోలీసులు పేర్లు చెప్పలేదండి. తర్వాత చెప్తామన్నారు. ఆ గడి ఖాళీగా వదిలేసేను."

"బాగా గుర్తుందా?"

"నాకు ఎక్కాలు నేర్పిన మాస్టారండి ఆయన. ఆయన పేరు తెచ్చి పేకాటలో రాస్తానా? రాసేనని ఊరంతా అంటున్నారండి. పాలు పోసే ఆవిడ మా గుమ్మం ముందు ఆగకుండా వెళ్ళిపోయింది. మా నాన్న చర్చికి ఎలా వెళ్ళాలో నువ్వే చెప్పంటున్నాడు."

పేపరు మళ్ళీ తీశాను. పేజీలో పైన, పేకాట స్థావరంపై పోలీసుల దాడి. ఊరి చివర తోటలో పేకాడుతున్న కొందరిని అదుపులోకి తీసుకున్నారు, వారిలో ఫలానా ఫలానా ఫలానా ఉన్నారు. అదే పేజీలో కింద, హైస్కూలు వార్షికోత్సవం. అందులో పిల్లలకు బహుమతులు పంచినవాళ్ళు ఫలానా ఫలానా ఫలానా. రెండు చోట్లా అవే పేర్లు, అదే వరుసలో. బహుమతులు పంచి, అట్నుంచి అటే తోటలోకి వెళ్ళి పేక ముక్కలు పంచినట్టుంది మా పేజీ ప్రకారం.

ఆ పేజీ చూసిన సబ్ ఎడిటర్‌ను అడిగాను. "పేర్లతో వచ్చిందండీ. ధైర్యంగా పంపిందనుకున్నాను" అన్నాడు. నేను చూసినా అలాగే అనుకునేవాణ్ణి.

పదిగంటలకల్లా యూనిట్ మేనేజరు రాజమండ్రి నుంచి ఫోన్ చేశాడు. ఆయనకు అంతా తేటతెల్లంగా ఉంది. రెండు వార్తలూ ఆ అమ్మాయే పంపింది. ఒకదాని పేర్లు ఇంకోదాని గడిలో కొట్టింది. సవరణ వేసి, విలేకరిని తీసేస్తే గొడవ ఆగుతుంది. "రేపు నేనొస్తాను. పొరపాటు తనదేనని ఆవిడ చేత ఒక కాగితం రాయించి ఉంచండి."

"ప్రోగ్రాములో ఏదైనా ఉందేమో చూస్తాం" అన్నాను.

"ప్రోగ్రాములో ఏమీ లేదు. మిగతా యూనిట్ల వాళ్ళు దాన్ని చూడడానికి వస్తున్నారు. మీరు కొత్త తలనొప్పి తేవద్దు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన చెప్పింది కాదనడానికి అప్పుడు నా దగ్గర ఏమీ లేదు కూడా. విలేకరులు పంపింది పంపినట్టు దాచే ఏర్పాటు ఆ రోజుల్లో మాకు లేదు. పేజీ వెళ్ళగానే తుడిచేసేవాళ్ళం. కానీ ఉద్యోగంలో నేను గమనించిన సంగతి ఒకటుంది. తప్పు ఎవరిదో తెలియనప్పుడు ఆఫీసులో ఆ గడి ఖాళీగా ఉండదు. ముందే సిద్ధంగా ఉన్న పేరొకటి వచ్చి అందులో కూర్చుంటుంది. అది ఎప్పుడూ అన్నిటికన్నా కింది మెట్టు మీద ఉన్న మనిషి పేరే. మేనేజరు గదిలోకి ఆ పేరు రావడం నేను చాలాసార్లు చూశాను. ఈసారి రానివ్వకూడదనుకున్నాను.

ఇంజినీరు ఆ పొద్దుటి నుంచీ కంప్యూటర్ ముందే ఉన్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే వస్తోందండి. పేర్లు ఖాళీగా పెడితే ఖాళీగానే వస్తోంది. కలిపితే కలిపినవే వస్తున్నాయి."

"ఎలా చూస్తున్నావు?"

"ప్రోగ్రాము మొదలుపెట్టి, ఒక వార్త పెట్టి, చూసి, ఆపేస్తున్నానండి. మళ్ళీ మొదట్నుంచి."

"మనకు రోజుకు ఒకటే వార్త వస్తుందా? పొద్దున్న మొదలుపెట్టిన ప్రోగ్రామును పేజీ వెళ్ళేదాకా ఆపుతామా? నిన్న మధ్యాహ్నం ఏం జరిగిందో అదే వరుసలో చెయ్యి."

నిన్నటి మధ్యాహ్నాన్ని మేమిద్దరం మళ్ళీ నడిపించాం. ముందు వార్షికోత్సవం వార్త వచ్చింది. అందులోనూ పేర్ల గడి ఖాళీయే. ఎవరి పేరు ముందుండాలో హైస్కూలు వాళ్ళు తేల్చుకోలేదు. తర్వాత పేకాట వార్త, అదీ ఖాళీ. ఆ తర్వాత హైస్కూలు వాళ్ళు వరుస తేల్చుకున్నారు, ఆ అమ్మాయి ఫోన్ చేసి పేర్లు చెప్పింది, మా డెస్కులో వార్షికోత్సవం వార్త తెరిచి కలిపారు. ఇంజినీరు ఆ మూడు పేర్లూ అలాగే కలిపాడు. ఇప్పుడు పేకాట వార్త తెరువు అన్నాను. తెరిచాడు. ముగ్గురూ అక్కడున్నారు.

అతను తాను రాసిన ప్రోగ్రాము తెరిచి ఒక వరుస చూపించాడు.

"ఇక్కడుందండి. కొత్త వార్త తయారుచేసే పని ఇది. ఊరు ఇవ్వకపోతే అమలాపురం అనుకో, పేర్లు ఇవ్వకపోతే ఖాళీ జాబితా అనుకో అని రాసేను. ఏమీ ఇవ్వనప్పుడు వాడుకోమని ముందే పెట్టే విలువ. డీఫాల్టు అంటారండి."

"బాగానే ఉందిగా."

"నేనేమనుకున్నానంటే, పేర్లు ఇవ్వని ప్రతి వార్తకీ అది ఒక కొత్త ఖాళీ జాబితా ఇస్తుందని. ఇవ్వదండి. ప్రోగ్రాము మొదలైనప్పుడు ఈ వరుసను ఒక్కసారే చదువుతుంది. అప్పుడే ఒక జాబితా తయారుచేసి పక్కన పెట్టుకుంటుంది. ఆ తర్వాత పేర్లు లేకుండా వచ్చిన ప్రతి వార్తకీ అదే ఇస్తుంది." నా మొహం చూసి ఇంకోలా చెప్పాడు. "తోటలో కాయ ఏరడానికి కూలీలు వస్తారు కదండీ. సొంత బుట్ట తెచ్చుకున్నవాడి గొడవ లేదు. తెచ్చుకోనివాడికి రైతు బుట్ట ఇస్తాడు. రైతు దగ్గర ఉన్నది ఒకటే బుట్టండి. ఇద్దరు ఖాళీ చేతుల్తో వస్తే ఇద్దరూ అందులోనే వేస్తారు. ఎవరి కాయలు ఎన్ని అంటే ఇద్దరూ ఆ బుట్టే చూపిస్తారు."

"మరి ఊరు పేరుకు ఈ గొడవ ఎందుకు రాలేదు?"

"అమలాపురం అన్న మాటలోకి ఇంకేమీ కలపలేం కదండి. మార్చాలంటే దాన్ని తీసేసి వేరే మాట పెట్టుకోవాలి. జాబితా అలా కాదు. అది అదే ఉంటుంది, లోపల మాత్రం నిండుతుంది."

ఇన్ని నెలలుగా ఈ తప్పు ఎందుకు బయటపడలేదని అడగబోయి ఆగాను. జవాబు నాకే తెలుసు. ఎక్కువమంది విలేకరులు పేర్లు నింపే పంపుతారు. ఖాళీగా వచ్చినవి రోజుకు ఒకటో రెండో. అందులో ఒకదాని పేర్లు ఇంకోదానిలో చేరినా, తాను వెళ్ళని రక్తదాన శిబిరంలో తన పేరు చూసుకున్న పెద్దమనిషి మా ఆఫీసుకు ఫోన్ చేసి నేను వెళ్ళలేదండీ అని ఎందుకు చెప్తాడు? నా సర్వీసు మొత్తంలో పేరు రాలేదని తగువుకు వచ్చినవాళ్ళే గాని, ఎక్కువ వచ్చిందని వచ్చినవాళ్ళు లేరు. పేకాట వచ్చేదాకా మా తప్పు అందరికీ సంతోషంగానే ఉంది.

"సరిచేయడం ఎంతసేపు?"

"నిమిషం పనండి. ముందే జాబితా పెట్టకుండా, ఏమీ లేదు అని రాయాలి. లోపలికి వచ్చాక, ఏమీ లేకపోతే అప్పుడు కొత్త జాబితా చేసుకో అని చెప్పాలి. ఇప్పుడే మార్చేస్తాను."

"మార్చకు. రేపు మేనేజరు గారు చూడాలి."

అతను లేచి నిలబడ్డాడు. "తప్పు నాది సార్. ఆయనకి నేనే చెప్తాను."

"చెప్పు. అయితే నీ తప్పుకూ ఆ పిల్ల తప్పుకూ తేడా ఉంది. నీది చేసిన తప్పు. ఆమెది చేయనిది."

మర్నాడు మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు. రాయించి ఉంచమన్న కాగితం నేను రాయించనని అనుమానం వచ్చిందో ఏమో, టైపు చేయించుకునే వచ్చాడు. కింద ఆమె సంతకం పెట్టడమే తరువాయి. అమ్మాయి గోడ పక్కన నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. కొబ్బరి వ్యాపారి, పళ్ళ డాక్టరు రాలేదు. మాస్టారు ఒక్కరే వచ్చారు. తెల్లటి పంచె, చేతిలో గొడుగు. ఆమె వైపు చూడలేదు. ఆమె నమస్కారం పెట్టినా చూడలేదు.

"మాస్టారూ, మీకు జరిగిన అవమానానికి చింతిస్తున్నాం. విలేకరి పొరపాటు. చర్య తీసుకుంటున్నాం" అని మేనేజరు మొదలుపెట్టాడు.

"ఆ కాగితం మీద సంతకం జరగదండీ" అన్నాను నేను.

మేనేజరు కాగితం మీంచి తలెత్తాడు.

"అంటే?"

"ఆమె పేర్లు పంపలేదు. చూపిస్తాం, రండి."

"నాకు చూపించక్కర్లేదు."

"మీకు అక్కర్లేకపోతే మాస్టారికి చూపిస్తాం. పేరు పోయింది ఆయనది."

మాస్టారు గొడుగు కుర్చీకి తగిలించి లేచారు. ఇక మేనేజరుకు లేవక తప్పలేదు. ఇంజినీరు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వార్షికోత్సవం వార్త ఒకటి పెట్టాడు, పేర్లు ఖాళీ. పేకాట వార్త ఒకటి పెట్టాడు, పేర్లు ఖాళీ. రెండూ మాస్టారి చేత చదివించాడు.

"ఇప్పుడు వార్షికోత్సవానికి ఒక అతిథిని పిలుద్దాం" అన్నాను. "మన మేనేజరు గారినే పిలుద్దాం. ఆయన పేరు కలుపు."

అతను నావైపు చూశాడు. కలుపు అన్నాను. కలిపాడు.

"ఇప్పుడు పేకాట తెరువు."

తెరిచాడు. తోటలో పేకాడుతూ పట్టుబడ్డవారిలో మా యూనిట్ మేనేజరు ఉన్నాడు, ఇంటిపేరుతో సహా.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరగా వంగి చదివారు. తర్వాత మేనేజరు వైపు తిరిగారు. "మీరూ మాతో ఆడేరన్న మాట. మీ చేతి ముక్కలు ఎలా ఉన్నాయండీ?"

మా సీనియర్ సబ్ ఎడిటర్ దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"తీసెయ్యండి అది" అన్నాడు మేనేజరు.

ఇంజినీరు తీశాడు. ఆ తర్వాత కుర్చీలోంచి లేచి, "ఈ తప్పు నాదండి. ప్రోగ్రాము రాసింది నేను. ఆవిడకి సంబంధం లేదండి" అని మాస్టారితోనే చెప్పాడు. మాస్టారు తల ఊపి, గోడ పక్కన ఉన్న అమ్మాయి వైపు మొదటిసారి చూశారు.

"నువ్వు పంపలేదని నాతో చెప్పలేకపోయేవా అమ్మా?"

"వచ్చేనండి. మీరు తలుపు తియ్యలేదండి."

ఆయన పక్కనున్న కుర్చీ ఆమె వైపు జరిపారు.

మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "సరే, ఆవిడని తియ్యం. సాంకేతిక కారణాల వల్ల పేర్లు పొరపాటుగా వచ్చాయి, చింతిస్తున్నాం అని వెయ్యండి. అంతకు మించి వద్దు."

నేను వచ్చి ఆ మాటే అమ్మాయికి చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"సాంకేతికం అంటే మా ఊళ్ళో ఎవరికి తెలుస్తుందండీ? నేను సాంకేతికంగా తప్పు చేసేననుకుంటారు. పేర్లు నేను పంపలేదని వెయ్యండి. మా నాన్న ఆదివారం చర్చికి వెళ్ళాలండి."

"అలా వేస్తే పత్రిక పరువేం కావాలి?" అన్నాడు మేనేజరు, నాతోనే.

"పత్రిక పరువు మోయడానికి మనం ఇంతమంది ఉన్నాం. ఆమె పరువు మోయడానికి ఆమె ఒక్కతే ఉంది."

ఆయన వెళ్ళి కారెక్కాడు. ఆ సాయంత్రం నేను సవరణ రాశాను. పేకాట వార్తలో ప్రచురించిన పేర్లు తప్పు, ఆ ముగ్గురికీ ఆ ఘటనతో సంబంధం లేదు, ఆ పేర్లు మా విలేకరి పంపినవి కావు, మా కార్యాలయంలోని ప్రోగ్రాము లోపం వల్ల చేరాయి, దానికి మేమే బాధ్యులం. వార్త వచ్చిన చోటే, పేజీలో పైనే పెట్టాను. పేజీ వెళ్ళాక ఆయన ఫోన్ చేసి ఏం వేశారని అడిగాడు. చదివి వినిపించాను. పేర్లు విలేకరి పంపలేదన్న మూడో వాక్యం తీయమన్నాడు. తీయనన్నాను. ఫోన్ పెట్టేశాడు.

సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఎవరి అనుమతితో వేశారు అని అందులో ప్రశ్న. "అనుమతి అడగలేదు. అడిగితే దొరకదని తెలుసు" అని రాసి పంపాను. ఇంజినీరు ఉద్యోగం నిలిచింది. ప్రోగ్రాము సరిచేయడానికి అతను కావాలి కదా. నాకు మాత్రం జిల్లాలు దాటించి బదిలీ ఉత్తర్వు వచ్చింది. దాని మీద నాకు అప్పుడూ ఫిర్యాదు లేదు, ఇప్పుడూ లేదు. నాలా తిరగబడమని మీకు చెప్పను. తిరగబడితే ఏం వస్తుందో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను.

బయల్దేరడానికి సామాన్లు సర్దుకుంటుండగా ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. మాస్టారు ఆదివారం ప్రార్థన అయ్యాక సవరణను సంఘంలో చదివి వినిపించారని చెబుతుందనుకున్నాను. ఆ మాట చెప్పింది గాని, అందుకోసం చేయలేదు.

"సార్, ఇంత గొడవలో ఒకటి ఎవరూ అడగలేదు చూసేరా? అసలు ఆడింది ఎవరని."

నిజమే. మేనేజరు అడగలేదు, మాస్టారు అడగలేదు, నేనూ అడగలేదు.

"ఈవేళ వాళ్ళని కోర్టుకి తెచ్చేరండి. జరిమానా కట్టేరు. నేను అక్కడే కూర్చుని పేర్లన్నీ రాసుకున్నాను. పలుకుబడి ఉన్న పెద్దవాళ్ళేనండి. వేస్తారా?"

"నేను రేపటి నుంచి ఇక్కడ ఉండను."

"ఈవేళ ఉన్నారు కదండి."

పంపమన్నాను. పంపింది. ఒక్క గడీ ఖాళీ లేదు.

"రేపు ఫోన్లు వస్తాయండి" అంది. "ఎవరు పంపేరని అడుగుతారు. ఈసారి నా పేరు చెప్పమని చెప్పి వెళ్ళండి సార్. ఇవి నేను పంపినవే."